చూపు కలిశాకే అడుగు

లోకమంతా ట్రాఫిక్ జామ్ అయితే తిట్టుకుంటుంది. మా ఇంట్లో మాత్రం జామ్ కాకపోతే తిట్టుకునేవాళ్ళం. ఎవరి ఏడుపు వాళ్ళది.

నాలుగు వరసల పెద్ద రోడ్డు వచ్చి రెండు వరసల వంతెనలోకి దూరే చోటు అది. ఆ వంతెన కట్ట కింద, రేకులు కప్పిన రెండు గదుల్లో మేం ఉండేవాళ్ళం. పొద్దున పనులకి పోయే బళ్ళు, సాయంత్రం ఇళ్ళకి చేరే బళ్ళు గరాటులో పోసిన గింజల్లా అక్కడికి వచ్చి ఇరుక్కునేవి. ఇరుక్కున్న మనిషికి దాహం వేస్తుంది, ఎండ పొడుస్తుంది, చెమట పడుతుంది. దాహానికి నా నీళ్ళ సీసాలు, ఎండకి మా వదిన కుట్టిన అద్దాల తెరలు, చెమటకి తువ్వాళ్ళ తాత తువ్వాళ్ళు. మా అన్నయ్య అందరికీ పెద్ద. సరుకు తెచ్చేదీ, ఐసు గడ్డ పగలగొట్టేదీ, ఎవరు ఏ వరసలో తిరగాలో చెప్పేదీ అతనే. కొత్తగా ఎవరైనా ఈ పనిలోకి వస్తే వాళ్ళకి నడక నేర్పేదీ అతనే.

నడక నేర్పడమేమిటని నవ్వకండి. ఆగి ఉన్న బళ్ళ మధ్య తిరగడం ఎవరైనా తిరుగుతారు, కదలబోయే బళ్ళ మధ్య తిరగడం వేరే విద్య. అన్నయ్యకి ఒకటే సూత్రం ఉండేది. "బండిని చూడకు, డ్రైవర్ కళ్ళలోకి చూడు. అతను నిన్ను చూశాడని నీకు తెలియాలి. చూపు కలిశాకే అడుగు వెయ్యి. కలిసిందా, ఇక భయం లేదు. రాణీలా నడు." నా పెళ్ళి పెటాకులై అన్నయ్య పంచన చేరినప్పుడు ముందుగా నేర్చుకున్న పాఠం ఇదే. కట్టుకున్నవాడి చూపు ఎటు తిరుగుతోందో కనిపెట్టలేకపోయినదాన్ని, డ్రైవర్ల చూపులు మాత్రం ఇట్టే పట్టేసేదాన్ని.

మా అందరిలోకీ బాగా అమ్మేది వదిన. వెండిలా మెరిసే గుడ్డ కత్తిరించి, అంచులు మిషన్ మీద కుట్టి, మూలలకి రబ్బరు బిళ్ళలు బిగించేది. అడక్కుండానే కారు అద్దానికి ఒక తెర అంటించేసి, లోపల నీడ పడగానే అద్దం మీద వేలితో టకటకా కొట్టి నవ్వేది. తీసెయ్యమనడానికి మొహమాటపడి సగం మంది కొనేవాళ్ళు. బిళ్ళ అతుక్కోవాలంటే తడి ఉండాలి. నాలిక మీద అద్ది అంటించేది.

"ఎంగిలి కూడా అమ్ముకుంటున్నావు కదా వదినా!" అనేదాన్ని.

"ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా? అసలు మొగుడు ఒక్క మాట అనడు, ఈవిడగారు వంద అంటుంది" అని నా బక్కెట్లోంచి ఒక సీసా ఎత్తుకుపోయేది. డబ్బులివ్వమంటే నవ్వేది.

ఆ వేసవి మొదట్లో స్తంభాలు వచ్చాయి.

వంతెనకి చాలా ముందు నుంచే, కట్ట పొడుగునా, ఒక్కో దానికి కంచమంత గుండ్రటి కన్ను ఉన్న స్తంభాలు పాతారు. రోడ్డుకి అడ్డంగా పైన బోర్డులు కట్టారు. వాటిలో బళ్ళు ఎంత వేగంగా పోవాలో అంకెలు వెలిగేవి. తువ్వాళ్ళ తాత తలెత్తి చూసి, "అంకెలు చూసి బుద్ధి తెచ్చుకునే జాతా మనది? నా తువ్వాళ్ళకి ఢోకా లేదు పొండి" అని తేల్చేశాడు.

తాత చెప్పింది నిజమే. మనుషులకి బుద్ధి రాలేదు. కానీ అప్పటికే రోడ్డు మీద సగానికి సగం తమంతట తామే నడిచే బళ్ళు. డ్రైవర్ సీట్లో మనిషి ఉంటాడు, చేతిలో ఫోను ఉంటుంది, స్టీరింగు దాని మానాన అది తిరుగుతుంటుంది. తాత వాటికి తెలివి బళ్ళని పేరు పెట్టాడు. మా కట్ట పక్క వరసని వాటికే ఇచ్చేశారు. స్తంభాలు చెప్పినట్టల్లా అవి వినేవి. వంతెన దగ్గర రద్దీ పెరుగుతోందంటే ఎక్కడో దూరాన ఉండగానే నెమ్మదించేవి. ఒకదాని వెనక ఒకటి, ఒకే ఎడంతో, తాడు కట్టి లాగినట్టు వచ్చి చప్పుడు లేకుండా వంతెనలోకి వెళ్ళిపోయేవి. వంతెన దగ్గర వాటి మధ్యకి వచ్చే మామూలు బళ్ళు కూడా దారికి రాక తప్పలేదు.

జామ్ కరిగిపోయింది. అవి పరిగెత్తేవీ కావు, ఆగేవీ కావు. మనిషి పక్కన పరిగెత్తి సీసా అందించి చిల్లర తీసుకునేంత నిదానం మాత్రం వాటికి లేదు. నా బక్కెట్లో ఐసు పొద్దున్నే కరిగి గోరువెచ్చని నీళ్ళయ్యేది. మేమంతా కట్ట మీద వరసగా కూర్చుని ఈగలు తోలుకునేవాళ్ళం. పొయ్యి రెండుపూటలా వెలిగేది కాస్తా ఒక పూటకి దిగింది.

ఆ రోజుల్లోనే ఇంజనీరమ్మ వచ్చింది. చిన్న వయసు, నెత్తిన పచ్చ టోపీ, చేతిలో పలక లాంటి కంప్యూటరు. స్తంభాల కళ్ళు సరిగ్గా చూస్తున్నాయో లేదో పరీక్షించడం ఆవిడ పని. ఎండకి తాళలేక నా దగ్గర నీళ్ళు కొంది. ఆ పూటకి నా బేరం అదొక్కటే.

"మా పొట్ట కొట్టారు మేడమ్" అన్నాడు అన్నయ్య. అతని గొంతులో కోపం కూడా లేదు.

ఆవిడ సీసా మూత తిప్పుతూ ఆగిపోయింది. "మీ గురించి ఎవరూ ఆలోచించలేదండీ. నిజం చెప్పాలంటే, ఇక్కడ మీరున్నారనే మాకు తెలీదు."

"పోనీలెండి. ఒకటి చెప్పండి. మనుషులు తిరిగే చోటు కదా, ఈ బళ్ళకి ఎవరైనా అడ్డం వస్తే?"

"ఆగిపోతాయి. ఆ భయమే పెట్టుకోకండి. మనిషైతే పరధ్యానంలో ఉంటాడేమో, వీటికి పరధ్యానం ఉండదు. మీ కాలు రోడ్డు మీద పడితే చాలు, బ్రేకు పడుతుంది. వెనకవాటికి కూడా వెంటనే తెలిసిపోతుంది."

"అయితే ఒకటి ఆగితే వెనకవన్నీ ఆగుతాయా?"

"అన్నీ ఆగుతాయి" అంది ఆవిడ. పాపం, మాకు ధైర్యం చెప్పాననుకుంది.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ వదిన తన మాట బయటపెట్టింది. రోడ్డు అవతల బస్సెక్కి వెళ్తే టౌన్లో కారు సీట్ల కవర్లు కుట్టే షాపు ఉంది. షాపాయన వదిన కుట్టిన తెర చూసి, ఇంత సన్నగా అంచు కుట్టే చేయి తన దగ్గర లేదన్నాడట. షాపు వెనక గది కూడా ఉందట, ముగ్గురూ సర్దుకోవచ్చు.

"జామ్ పోయింది కదయ్యా. మనం కూడా పోదాం" అంది.

"నేనేం చెయ్యను అక్కడ? నువ్వు కుడుతుంటే సూదిలో దారం ఎక్కించనా?" అన్నాడు అన్నయ్య.

"ఎక్కిస్తే తప్పా? నా కళ్ళు సగం నాశనమయ్యాయి ఆ దారం ఎక్కించలేకే."

అన్నయ్య నవ్వాడు. చెయ్యి కడుక్కుని సరాసరి రోడ్డు మీదకి వెళ్ళాడు. ఎందుకు వెళ్తున్నాడో అని నేనూ వెనకాలే వెళ్ళాను.

తెలివి బళ్ళ వరస వస్తోంది. అన్నయ్య కట్ట దిగి, తెల్లగీత దాకా వెళ్ళి, లుంగీ కాస్త పైకెత్తి కుడికాలు గీత అవతల పెట్టాడు. చెరువులో నీళ్ళు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో చూసినట్టు పెట్టాడు. ముందున్న బండి ఆగిపోయింది. దాని వెనకది ఆగింది. దాని వెనకవీ, వాటి వెనకవీ, మలుపు దాకా ఒక్కటొక్కటే ఆగిపోయాయి. లోపలున్నవాళ్ళు ఫోన్లలోంచి తలలెత్తి, ఇదేమిటన్నట్టు చూశారు. అన్నయ్య కాలు వెనక్కి తీసుకుని, నా వైపు తిరిగి, "నిలబడ్డావేం? నీళ్ళు తే!" అని అరిచాడు.

చెప్పొద్దూ, ఆ పూట నాకు పండగలాగే అనిపించింది. తాత అరవై ఏళ్ళ కాళ్ళతో తువ్వాళ్ళ మూట ఎత్తుకుని పరిగెత్తాడు.

ఆ తరువాత అది కూడా ఒక పనైపోయింది. కాలు పెట్టడం అనేవాళ్ళం. "ఇవాళ కాలు ఎవరిది?" అని పొద్దున్నే మాట్లాడుకునేవాళ్ళం. ఒకరు కాలు పెడితే మిగతావాళ్ళు అమ్ముకునేవాళ్ళు. బండి ఆగగానే కాలు వెనక్కి తీసెయ్యాలి, లేకపోతే లోపలివాళ్ళు దిగి కొట్లాటకి వస్తారు. కాలు తీశాక బళ్ళు మళ్ళీ కదిలి వేగం అందుకోవడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపే మా బజారు. నేనూ పెట్టాను. మొదటిసారి కళ్ళు మూసుకుని పెట్టాను. తరువాత గుమ్మం దాటినంత మామూలైపోయింది. అన్నయ్య మళ్ళీ పెద్ద మనిషి అయ్యాడు. ఇంట్లో పొయ్యి రెండుపూటలా వెలిగింది.

వదిన మాత్రం ఆ బజారులోకి రాలేదు. తెరలు అమ్మడం మానేసి, షాపాయన ఇచ్చిన గుడ్డతో సీటు కవర్లు కుడుతూ కూర్చుంది. ఒకరోజు అన్నయ్య లోపలికి రాగానే మిషన్ ఆపింది.

"లోపలున్నవాడు నిన్ను చూడ్డం లేదయ్యా. ఫోను చూసుకుంటున్నాడు. ఎవరి కళ్ళు చూసి కాలు పెడుతున్నావు?"

"కళ్ళు బండికున్నాయి, స్తంభానికున్నాయి. మనిషి కళ్ళకన్నా మంచి కళ్ళు. ఇంజనీరమ్మే చెప్పింది."

"చూపు కలవందే అడుగెయ్యొద్దని లోకానికంతా నేర్పావు. నువ్వే తప్పుతావా?"

"ఏ ఎండకా గొడుగు పట్టాలే పిచ్చిదానా."

"పట్టు, నేనొద్దన్నానా? గొడుగనుకుని పాము తోక పట్టుకోకు" అంది వదిన. మిషన్ చక్రం మీద చెయ్యి అలాగే ఉంది. "నాకు నిద్రలో కూడా నీ కాలే కనబడుతోంది. గీత అవతల ఒక్క కాలు. మనిషి లేడు, కాలే ఉంది. ఇక నావల్ల కాదు."

అన్నయ్య మెత్తబడ్డాడు. మిషన్ పక్కన గొంతుక్కూర్చుని సూదిలోకి దారం ఎక్కించాడు. "వానలు పడనీ. వానల్లో నీళ్ళు కొనేవాడెవడు, తెరలు కొనేవాడెవడు? మొదటి వాన పడగానే మూట కట్టేద్దాం. నువ్వు కుట్టు, నేను దారం ఎక్కిస్తాను."

"ఒట్టేనా?"

"ఒట్టే. వానలు పడనీ."

ఆ మాటతో ఆవిడ ఊరుకుంది. ఆ రోజు నుంచి మబ్బుల కోసం చూడ్డం మొదలుపెట్టింది. ఆకాశం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేది. "పంటల కోసం వానకి ఎదురుచూసేవాళ్ళని చూశాను గానీ, మొగుడి కాలు వెనక్కి రావాలని వాన కోసం చూసేదాన్ని నిన్నే చూశాను" అని నేను వేళాకోళమాడితే, "నీ నోరు మండ" అని దారపు ఉండ విసిరింది.

ఎండలు ముదిరిన వారాల్లో బళ్ళ తీరు మారింది. మొదట గమనించింది తాత.

"ఇదివరకు కాలు చూడగానే గుర్రం బిగుసుకున్నట్టు బిగుసుకునేవి. ఇప్పుడు చూడు, కొంచెం తగ్గి, జరుగుతూనే ఉన్నాయి" అన్నాడు.

నిజమే. కాలు పెడితే నెమ్మదిస్తున్నాయి. పూర్తిగా ఆగడం లేదు. కాలు ఎలాగూ వెనక్కి పోతుందన్నట్టు, మెల్లగా ముందుకే వస్తున్నాయి. ఆపాలంటే ఇంకొంచెం లోపలికి పెట్టాలి. అన్నయ్యకి అదొక పట్టుదలైంది. "బళ్ళకి కూడా సిగ్గు పోయిందిరా!" అని నవ్వుతూ ఒకటిన్నర అడుగు లోపలికి వెళ్ళేవాడు. ఆగేవి. కాలు వెనక్కి తీసేవాడు. ఇంకో వారానికి రెండడుగులు వెళ్ళాల్సి వచ్చింది. మాలో ఎవరికీ అందులో ఏమీ కనబడలేదు. బేరాలు జరుగుతున్నాయి, అంతే చూశాం.

వదిన కవర్లు కుట్టడం పూర్తయింది. పొద్దున్నే స్నానం చేసి, తల బిగించి దువ్వుకుని, కవర్లన్నీ దుప్పట్లో మూట కట్టింది. అవతల బస్సెక్కి షాపులో ఇచ్చి, వెనక గది కూడా చూసి రావాలని.

"గదికి కిటికీ ఉందో లేదో చూడు వదినా. నేను కిటికీ దగ్గరే పడుకుంటా" అన్నాను.

"కిటికీ దగ్గర మీ అన్నయ్య. నువ్వు గుమ్మం దగ్గర. కుక్క ఖర్చు కలిసొస్తుంది" అంది. మూట ఎడమ తుంటి మీద పెట్టుకుని కట్ట ఎక్కింది.

జామ్ ఉన్న రోజుల్లో ఆ రోడ్డు దాటడం వసారా దాటినంత సులువు. ఇప్పుడు బళ్ళు ఎడతెగకుండా వస్తున్నాయి. ఆ పొద్దున కాలు అన్నయ్యది. నేను బక్కెట్టు పట్టుకుని రెడీగా ఉన్నాను. వదినని చూసి అన్నయ్య గీత దగ్గర నుంచి వెనక్కి వచ్చేశాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

"మీ వదిన దాటనీ. తరువాత మొదలుపెడదాం. దాని ముందు కాలు పెడితే పొద్దున్నే పోట్లాట" అన్నాడు నాతో, మెల్లగా.

వదిన గీత దగ్గర ఆగింది. ఎప్పటిలాగే గడ్డం కాస్త ఎత్తి, బళ్ళలో మనుషుల్ని చూసింది. ఒకటి పోయింది. అందులో ఉన్నవాడు ఫోనులో ఉన్నాడు. ఇంకొకటి పోయింది. లోపల మనిషి నిద్రపోతున్నాడు. మూడో బండి వస్తోంది. డ్రైవర్ సీట్లో ఒక నడివయసాయన కూర్చుని ఉన్నాడు. ఆయన చేతిలో ఏమీ లేదు, తిన్నగా రోడ్డే చూస్తున్నాడు. వదినని చూశాడు. వదిన ఆయన్ని చూసింది. ఆయన రమ్మన్నట్టు తలూపాడు కూడా. బండి నెమ్మదించింది.

చూపు కలిసింది. వదిన అడుగు వేసింది. వెనక్కి తీసుకోవడానికి పెట్టిన కాలు కాదది, దాటడానికి వేసిన అడుగు. రాణీలాగే నడిచింది.

బండి ఆగలేదు. కాసేపు తగ్గి, మళ్ళీ ముందుకే వచ్చింది. ఆఖరున బ్రేకు పడిన చప్పుడు విన్నాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

సీటు కవర్ల మూట ఎక్కడో దూరంగా పడింది. అన్నయ్య పరిగెత్తాడు. నా చేతిలో బక్కెట్టు ఎప్పుడు కింద పెట్టానో నాకు తెలీదు. ఆ నడివయసాయన బండి దిగి రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డాడు. "నేను చూశానమ్మా. ఆమె కూడా నన్ను చూసింది. నేను రమ్మన్నాను. బండి ఆగుతుందనే అనుకున్నాను" అని నాకే చెప్తున్నాడు, మళ్ళీ మళ్ళీ. ఆయన మీద పడి కొట్టాలనిపించింది. కొట్టడానికి చెయ్యి లేవలేదు. ఆయన కాళ్ళు అసలు బ్రేకు దగ్గరే లేవు. ఆయన నడపడం లేదు. చూశాడు, అంతే.

అంబులెన్సు వెనక ఎక్కడో చిక్కుకుంది. చాలా వారాల తరువాత అక్కడ అసలైన జామ్ అయింది. ఎవరూ కాలు పెట్టకుండా అయింది. వంతెన మీదా, వెనక మలుపు దాటి కనుచూపు మేరా బళ్ళు నిలిచిపోయాయి. ఎండ నేరుగా వదిన మొహం మీద పడుతోంది. తాత తన తువ్వాళ్ళ మూట విప్పి, ఉన్నవన్నీ తలకింద పెట్టాడు, రక్తం తుడిచాడు. నేను ఇంట్లోకి పరిగెత్తి వదిన కుట్టిన తెర ఒకటి తెచ్చాను. అన్నయ్య దాన్ని రెండు చేతులతో ఆవిడ మొహానికి అడ్డంగా పట్టుకున్నాడు. స్ట్రెచరు పట్టుకుని మనుషులు నడిచి వచ్చేదాకా ఆ నీడ కదలకుండా పట్టుకునే ఉన్నాడు. వాళ్ళు వచ్చి నాడి చూసి ఏమీ చెప్పకపోయినా, మాకు అప్పటికే తెలుసు.

ఆ మధ్యలోనే, పక్క వరసలో ఒక కారు అద్దం దిగింది. పాప ఏడుస్తోంది. వాళ్ళమ్మ నన్ను చూసి, నా బక్కెట్టు చూసి, "నీళ్ళున్నాయా?" అంది. ఆవిడకి ముందు ఏం జరిగిందో కనబడలేదు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు అంటారు. ఇన్నేళ్ళూ జామ్‌లో చిక్కుకున్నవాళ్ళ దగ్గర ఆ నిప్పు అడుక్కున్నది మేమే. ఆ రోజు కాలిన ఇల్లు మాది. నీళ్ళు లేవని అరవబోయాను.

"ఇచ్చెయ్" అన్నాడు అన్నయ్య, తల ఎత్తకుండా. "వాళ్ళేం చేశారు? ఇచ్చెయ్."

ఇచ్చాను. డబ్బులు తీసుకోలేదు. ఆ వెనక కారుకీ ఇచ్చాను, దాని వెనకదానికీ. ఏడుస్తూనే ఇచ్చాను. బక్కెట్లో ఒక్కటీ మిగల్లేదు.

ఇంజనీరమ్మ మా గది గుమ్మం దగ్గరకి వచ్చినప్పుడు కర్మకాండలన్నీ అయిపోయాయి. టోపీ తీసి చేత్తో పట్టుకుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పై వాళ్ళు నన్ను చెప్పొద్దన్నారు. నాకు మాత్రం మీకు చెప్పాలనిపించింది" అంది. "స్తంభాలు రోజూ చూస్తుంటాయి. బళ్ళు ఎక్కడ ఆగుతున్నాయి, ఎందుకాగుతున్నాయి, ఆగాక ఏమవుతోంది అని. ఈ చోట మనిషి కాలు పెట్టిన ప్రతిసారీ వెనక్కి తీసుకున్నాడు. ప్రతిసారీ. కొన్ని వారాలకి వాటికదే తెలిసింది, ఇక్కడ మనుషులు వెనక్కి వెళ్ళిపోతారని. ఆ మాటే బళ్ళకి పంపడం మొదలుపెట్టాయి. అనవసరంగా ఆగితే వెనక రద్దీ పెరుగుతుంది కదా. మేమెవరమూ అలా చెయ్యమని రాయలేదండీ. దానంతట అదే నేర్చుకుంది. మేం కనిపెట్టి ఉండాల్సింది. కనిపెట్టలేదు."

కుట్టు మిషన్ మీద సూదిలో ఇంకా దారం వేలాడుతోంది.

"దానంతట అది నేర్చుకోలేదు మేడమ్" అన్నాడు అన్నయ్య. "మేం నేర్పాం. నడక నేర్పడం నా పనే."

ఆవిడ ఏడ్చేసింది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. అన్నయ్య మీద వచ్చింది, నా మీద వచ్చింది, ఆ తలూపినాయన మీద ఇప్పటికీ ఉంది.

కొన్నాళ్ళకి ఆ రోడ్డు ఒక పూట మూసేశారు. స్తంభాలకి మళ్ళీ నేర్పాలట. పెద్ద బొమ్మ ఒకటి తెచ్చారు, మనిషంత ఎత్తు, కింద చక్రాల పలక. దాన్ని తాడుతో లాగుతుంటే గీత దాటి రోడ్డు మీదకి వస్తుంది. స్తంభాల కళ్ళు చూస్తాయి. ఈ చోట మనిషి వెనక్కి వెళ్ళడు, దాటుతాడు అని అవి తెలుసుకోవాలి. మేం కట్ట మీద నిలబడి చూస్తున్నాం. ఆకాశం నల్లబడుతోంది. బొమ్మ నిటారుగా, ఒకే వేగంతో, బల్ల జరిపినట్టు జరుగుతోంది.

"మనుషులు ఇలా దాటరు మేడమ్" అన్నాడు అన్నయ్య. "మా ఆవిడ ఇలా దాటదు. నేను దాటి చూపిస్తాను."

ఇంజనీరమ్మ అన్నయ్య మొహం చూసింది. రెండు వైపులా బళ్ళు రాకుండా అడ్డం పెట్టారో లేదో మళ్ళీ ఒకసారి చూసుకుంది. "ఒక్కసారి" అంది.

అన్నయ్య గదిలోకి వెళ్ళి మూట తెచ్చాడు. అదే దుప్పటి, అవే సీటు కవర్లు. ఎడమ తుంటి మీద పెట్టుకున్నాడు. కట్ట దిగి గీత దగ్గర నిలబడ్డాడు. గడ్డం కాస్త ఎత్తాడు. ఎదురుగా బళ్ళు లేవు, కళ్ళు లేవు, ఆ స్తంభం కన్ను ఒక్కటే ఉంది. దానికేసి చూశాడు. రెండు చిన్న అడుగులు, ఒక ఆగడం, మూట పైకి ఎగదోసుకోవడం, అప్పుడు ఒక పెద్ద అంగ. అది వదిన నడకే. ఇన్నేళ్ళలో ఆ నడక ఎప్పుడు నేర్చుకున్నాడో నాకు తెలీదు. నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను. తాత మొహం పక్కకి తిప్పేసుకున్నాడు.

తిరిగి వచ్చి మళ్ళీ దాటాడు. మళ్ళీ. ఒక్కసారి కూడా కాలు వెనక్కి తీయలేదు.

"చాలండీ. ఇక చాలు" అంది ఇంజనీరమ్మ.

"దానికి అర్థమైందా?"

"అవుతుంది. దయచేసి ఇక రండి."

అన్నయ్య ఇవతలికి రాలేదు. ఆఖరుసారి దాటినప్పుడు అవతలి గట్టు దాకా వెళ్ళిపోయాడు. వదిన చేరాల్సిన బస్ స్టాప్ బెంచీ మీద, మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడ కూర్చుని ఎటో చూస్తున్నాడు. అతన్ని ఒక్కణ్ణే వదలడానికి భయమేసి, రోడ్డు ఇంకా మూసే ఉండగానే నేనూ దాటి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

రోడ్డు మీద ఒక చినుకు పడింది, దాని పక్కన ఇంకొకటి. కాసేపట్లో బెంచీ పైకప్పు మీద మోత మొదలైంది. అన్నయ్య తల ఎత్తి వాన వైపు చూశాడు. మూట తడవకుండా పొట్టకి అదుముకున్నాడు.

"వానలు పడ్డాయి" అన్నాడు. "ఇంకా కూర్చున్నావేం? లేచి వెళ్ళి మిషన్ పట్రా, నేను బస్సు ఆపుతాను. ఈసారి కూడా వాయిదా వేస్తే మీ వదిన ఊరుకోదు."